మూడో చెంప

నా కుడిచెయ్యి మోచేతి కాడ వంకరుంటది. దాన్ని గట్ల చేసినాయన పోయిన మంగళవారం చచ్చిపోయిండు. దారం చుట్టిన ఇనుప బీమ్‌ను మెట్ల మీద పైకి ఎక్కిస్తుంటె, పైనున్నోని కాలు జారి అది కిందున్న ఈయన ఛాతి మీదికి వచ్చిందట. ఒక పూట బతికిండట. ఫోన్ చేసిన పిలగాడు "మీ దోస్త్ పోయిండన్నా" అన్నడు. దోస్తా? "ఎవడ్రా నా దోస్తు?" అని వాన్ని ఫోన్‌లనే తిట్టిన. సూరత్ నవాగామ్‌ల మనోళ్ళకు మెస్ నడుపుత నేను. స్టవ్ బంద్ చేసి, పప్పు సగం ఉడికింది సగం ఉడకంది అట్లనే విడిచిపెట్టి, గోడకానుకొని కూసున్న. ఏడుపు వస్తదేమో అనుకున్న. కోపమే వచ్చింది. పదకొండేండ్ల సంది ఆయన నన్ను ఒకటే మాట అడుగుతుండె. నేను జవాబు చెప్పకముందే పోయిండు, దొంగ మనిషి.

ఆయన పేరు చెప్పను. పేరు పెట్టి ఆయనను ఎవ్వరు పిలువలే గూడ. సూరత్‌ల సాంచెలు, అంటె కరెంటు మగ్గాలు, నడిచే షెడ్డును ఖాతా అంటరు. మా ఖాతాల ఆయన పేరు 'స్తోత్రం'. సాంచె మీద పోగు తెగితె మేమందరం దాని అమ్మను, అక్కను తిట్టేటోళ్ళం. తిట్టకుంటె పోగు అతకదన్నట్టు. ఆయన మాత్రం పండ్లు కొరికి "స్తోత్రం" అనేటోడు. సాంచెల లొల్లికి ఖాతాల మాట వినిపియ్యది, ఎదుటోని మూతి కదిలేది చూసి సమజ్ చేసుకునుడే. ఆయన మూతి చూస్తె దేవున్ని పొగుడుతుండో, సాంచెను నరుకుతా అంటుండో తెల్వకపోయేది. మా తిట్లకంటె అదే పెద్ద తిట్టు లెక్క కనవడేది.

మనిషి పెద్ద మనిషి. అరచేతులు రొట్టెల పెనమంత ఉండేటియి. కోపం వస్తె ఆ రెండు చేతులను తొడల కింద పెట్టుకొని, వాటి మీద కూసునేటోడు. చాయ దుకాణం బల్ల మీద గానీ, ప్రార్థన చాప మీద గానీ, ఎక్కడైన గంతే. "నేనైతె మారిన తమ్మీ. ఇవి మారినయో లేదో నాకు తెల్వది" అనేటోడు. తినేముందు ప్రార్థన చేసేటోడు, అది గూడ చూడాలె: "ప్రభువా, నువ్వు చూస్తున్నవ్, నేను తింటున్న, ఆమెన్." అయిపోయింది. వాళ్ళ పాస్టరు అయ్యగారు ఒకసారి "జర పెద్ద ప్రార్థన చెయ్యి బాబూ" అంటె, "ఆయనకు మస్తు పనుంటది గద అయ్యగారూ" అన్నడట.

ఊర్ల ఉన్నప్పుడు తాగి పెండ్లాన్ని కొట్టిండు. ఒక్క దెబ్బకు ఆమె ఎడమ చెవి పోయింది. ఇది చాటుకు చెప్పుకునే ముచ్చట కాదు. నవాగామ్‌ల రేకుల షెడ్డుల ప్రార్థన కూటం నడుస్తది, అక్కడ ఆయనే లేసి నిలబడి సాక్ష్యం చెప్పిండు. సాక్ష్యమంటె ఏంది, నేను మొదలు గిట్లుంటి, ప్రభువు నన్ను గిట్ల చేసిండు అని అందరి ముందట చెప్పుడు. మిగిలినోళ్ళు చెప్తె చప్పట్లు కొడుతరు. ఈయన చెప్తె ఎవ్వరి చెయ్యి లేవలేదట. ప్రతి ఆదివారం ఆమెకు ఫోన్ చేసేటోడు. ఆమె మాట్లాడకపోయేది, అట్లని పెట్టెయ్యకపోయేది. ఈయనొక్కడే అర్ధగంట ఊరి ముచ్చట, ఎండ ముచ్చట చెప్పి, "కుడిచెవి కాడనే పెట్టుకున్నవ్ గదా?" అని అడిగి బంద్ చేసేటోడు.

మేమిద్దరం జోడి. జోడి అంటె దోస్తులని కాదు. అవే ఆరు సాంచెలు పగలు నేను నడిపేది, రాత్రి ఆయన నడిపేది. రూమ్‌ల చాప గూడ ఒకటే. పొద్దుగాల నేను లేసి పోయినంక, నా ఒంటి వేడి ఆరకముందే ఆయన వచ్చి దాని మీద పండుకునేటోడు. రెండేండ్లు ఒకటే చాప మీద పండుకున్నం గని ఒకరి గురక ఒకరం ఎన్నడు వినలే. కలిసేది సాంచెల కాడ, పొద్దుగాల ఏడు గంటలకు, పది నిమిషాలు. ఆ పది నిమిషాలల్ల నేను ఆయనను సతాయించేటోన్ని.

ఎందుకంటె నాకు మండేది. తాగుడు బంద్ చేసిండు, గుట్కా బంద్ చేసిండు. మేం తాగితె మమ్ములను ఒక్కమాట అనకపోయేది. అననందుకే ఎక్కువ మండేది. బాప్తిస్మం తీసుకొని పన్నెండు దినాలైంది. ఖాతాల పందెం లేసింది. ఒక చెంప మీద కొడితె రెండో చెంప చూపమని వీళ్ళ పుస్తకంల ఉన్నదట, మరి స్తోత్రం చూపిస్తడా, తిరగబడి కొడుతడా? ఓడినోళ్ళు గెలిచినోళ్ళకు చాయ తాపాలె. కొట్టేదెవరు? ఇంకెవరు, జోడీగాన్ని నేనే.

పన్నెండు గంటలు నిలబడి రాత్రంత నడిపిన మనిషి. కండ్లు ఎర్రగున్నయి. తువ్వాలతోని మెడ తుడుసుకుంటుండు. పోయి ఫట్టుమని కొట్టిన. ఆయన నా దిక్కు చూసిండు. చేతులు రెండు వెనుకకు పెట్టి, ఒక దాన్ని ఒకటి పట్టుకున్నడు. ముఖం తిప్పి రెండో చెంప ఇచ్చిండు. చుట్టు ఉన్నోళ్ళ నోళ్ళు తెరుచుకున్నయి. ఈసారి ఇంకింత గట్టిగ కొట్టిన. పెదవి చిట్లి గడ్డం మీదికి నెత్తురు కారింది. అక్కడికి ఆగితె అయిపోయేది, పందెం తేలిపోయింది. కాని ఆయన భుజాలు వణుకుతుండె. నేను చూసిన. ఇంకొక్కటి కొడితె విరుగుతడు అనిపించింది. విరిగేది చూడాలనిపించింది. మొదటి చెంప మీదనే మూడోది కొట్టిన.

పోగు తీసుకపోయే నాడెను కొట్టే కట్టె ఒకటి, మరమ్మతు కోసం తీసింది, సాంచెకు ఆనిచ్చి ఉండె. అది ఆయన చేతికెప్పుడు వచ్చిందో నాకు తెల్వది. మొదటి దెబ్బ మోచేతి మీద పడ్డది. ఎముక విరిగిన చప్పుడు అంత లొల్లిల గూడ నాకు వినిపించింది. రెండోది పక్కటెముకల మీద. కిందపడ్డంక కాలితోని కడుపుల తన్నిండు, మూతి మీద తన్నిండు. పై పన్ను ఒకటి ఊడి నాలిక మీద పడ్డది. కిందికెళ్ళి నేను ఆయన మూతి చూసిన. స్తోత్రం లేదు. ఇన్ని దినాలు మింగిన తిట్లన్ని ఒక్కసారె కక్కుతుండు. నలుగురు పట్టుకుంటె నలుగురిని ఇసిరేసిండు. ఇంకా నలుగురు వచ్చి మీద పడితె గని ఆగలే.

సర్కారు దవాఖానల "మెట్ల మీదికెళ్ళి పడ్డ" అని రాయించిన. మంచితనం కాదు. మొదలు చెయ్యి లేపింది నేనే అని ఖాతా మొత్తం చూసింది, కేసైతె ఇద్దరి పని పోతది. ప్రార్థన కూటంల ఆయనను నిలబెట్టి అడిగిండ్రట, పన్నెండు దినాలే నిలిచినవా అని. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్లకు రావద్దన్నరు. ఆ ఆదివారం సంది బయట చెప్పులు విడిచే కాడ కూసునేటోడు, చేతుల మీద.

నన్ను రూమ్‌కు తెచ్చి పడేసిండ్రు. చేతికి ప్లాస్టర్, ఛాతికి పట్టీ. లేవలేను, కూసోలేను. ఊర్ల ఇంటామెకు చెప్పలే, చెప్తె ఏడుసుకుంట బండెక్కి వస్తది. రూమోళ్ళందరు పన్ల మీద పోయేటోళ్ళే. పాయఖాన కింద అంతస్తుల ఉన్నది. రెండోనాడు పొద్దుగాల ఏడున్నరకు తలుపుల ఆయనే నిలబడ్డడు. ఎక్కడికి పోతడు మరి, చాప ఆయనది గూడ. దాని మీద నేను పడి ఉన్న.

"లే తమ్మీ, కిందికి తీసుకపోత."

"చెయ్యి పెడితె కొరుకుత."

"కొరుకు. లే."

కొరికిన. ఉత్తగ అంటలేను, నిజంగనే ముంజేయి పట్టి నెత్తురు వచ్చేదాక కొరికిన. అబ్బా అని ఒక్క అరుపు అరిచి, అట్లనే నన్ను ఎత్తుకొని మెట్లు దిగిండు. కడిగిండు, పైకి తెచ్చిండు, అన్నం పిసికి నోట్లె పెట్టిండు. నేను ఊంచిన. ముఖం తుడుసుకొని మళ్ళ ముద్ద కలిపిండు. నన్ను పండవెట్టి, గడప కాడ గోడకానుకొని కూసోని నిద్రపోయిండు. పొద్దుమీకంగ లేసి నైట్‌కు పోయిండు. తెల్లారి మళ్ళ వచ్చిండు.

గిట్ల నెల నడిచింది. నేనేమన్న మెత్తవడ్డనా? రామ రామ! నాకు ఒకటే పట్టుదల. ఈయనతోని ఇంకొక్కసారి చెయ్యి లేపించాలె. లేపినంక అందరిని పిలిచి, చూసిండ్రా గిదే ఈయన దేవుడు, అని చూపాలె. చేతికందితె ఎడమ చేత్తోని గుద్దేటోన్ని. మసిలే చాయ మీద పోసిన. మెడ మీద బొబ్బలు లేసినయి. ఆయన చేతులు తొడల కిందికి పోయేటియి, అంతే. ఒకనాడు అడిగిన: "రెండు చెంపలు మంచిగనే చూపినవ్ గద, మూడోదానికి ఏమైంది?" వేళ్ళ మీద లెక్కవెట్టుకున్నడు, నిజంగనే లెక్క తప్పినోని తీరు. "రెండింటి దాకనే రాసి ఉన్నది తమ్మీ. మూడోదానికి నాకు వాక్యం దొరకలే" అన్నడు. నాకు నవ్వొచ్చింది. నవ్వితె పక్కటెముకలు చురుక్కుమన్నయి. నొచ్చినందుకు మళ్ళ ఆయననే తిట్టిన.

నాలుగో వారం ఆయన చెయ్యి లేపించే మందు నాకు దొరికింది. కింద గచ్చు మీద కూసోవెట్టి వీపుకు సబ్బు రుద్దుతుండు. నేను మెల్లగ అడిగిన.

"చెవి పగలగొట్టినంక నీ పెండ్లాన్ని గూడ గిట్లనే కడిగినవా?"

చెయ్యి ఆగింది.

"మాట్లాడవేంది? ఆదివారం ఫోన్‌ల ఏమంటది ఆ చెవిటిది?"

సబ్బు చెయ్యి నా దౌడ మీద పడ్డది. తల పోయి గోడకు తాకింది, ప్లాస్టర్ నల్లాకు తగిలి పగిలింది. పిడికిలితోని ఇంకోటి, ముక్కు మీద. మూడోది లేపిండు. లేపి, ఆ చేతి దిక్కు చూసుకున్నడు. చూసి, దాన్ని గోడకేసి కొట్టుకున్నడు, మళ్ళ కొట్టుకున్నడు, వేళ్ళ కణుపులు చిట్లి సున్నం మీద నెత్తురు అంటేదాక కొట్టుకున్నడు. ఒక తీరు అరుపు వచ్చింది ఆయన గొంతుల, అసొంటి అరుపు నేను మనిషి నోట ఎన్నడు వినలే. నన్ను అట్లనే సబ్బుతోని విడిచిపెట్టి సందుల పడి పోయిండు. నేను నవ్విన. ముక్కుకెళ్ళి నెత్తురు కారుతుంటె, కండ్లల్ల సబ్బు మండుతుంటె నవ్విన. గెలిచిన! పక్కింటాయన వచ్చి నన్ను పైన పడేసిండు. రూమోళ్ళు రాంగనే అందరికి చెప్పిన. ఎందుకో ఒక్కడు నవ్వలే.

తెల్లారింది. ఆయన రాడని నాకు ఎరుకే. ఏ ముఖం పెట్టుకొని వస్తడు? ఒక్కసారైతె జారిండు అనుకోవచ్చు, ఇప్పుడు రెండోసారి, అది గూడ చెయ్యి విరిగి బట్టల్లేకుండ కూసున్నోన్ని. ఏడున్నరైంది. ఎనిమిదైంది. కడుపు బిగపట్టుకొని పండుకున్న. గెలిచినోన్ని గద, బిగపట్టుకోవాలె. అప్పుడు మెట్ల మీద అడుగులు వినపడ్డయి.

చేతికి గుడ్డపేలిక చుట్టుకున్నడు. కండ్లు ఉబ్బి ఉన్నయి. గడప దాటలే.

"ఏ ముఖం పెట్టుకొని వచ్చినవ్‌రా?" అన్న. నాకంటె పదేండ్లు పెద్దోడు. రా అన్న.

"ముఖం లేదు తమ్మీ. కాళ్ళున్నయి, వచ్చిన."

"మీ అయ్యగారు పంపిండా?"

"ఆయనకింకా చెప్పలే. ఆదివారం చెప్పాలె." చేతి పేలిక బిగించుకున్నడు. "తమ్మీ, ఖాతాలదానికి గూడ నేను మాఫీ అడగలే. సిగ్గుతోని అడగలే. ఇయ్యాల రెండింటికి కలిపి అడుగుతున్న. మాఫ్ చేస్తవా?"

"చెయ్య."

"సరే," అన్నడు. "లే, కిందికి పోదాం. ఆపుకుంటున్నవ్, ముఖం చూస్తె తెలుస్తుంది."

నన్ను కూలగొట్టింది ఆ కట్టె దెబ్బలు కావు, ఈ 'సరే'. కాళ్ళ మీద పడి ఏడుస్తడనుకున్న. లేకుంటె, మాఫ్ చెయ్యనోనికి నేనెందుకు చెయ్యాలె అని పోతడనుకున్న. ఈ రెండు తీర్ల మనుషులనే నేను చూసిన. మాఫీ దొరకకున్నా వంగి సంకల కింద చెయ్యి పెట్టేటోన్ని చూడలే. ఆయన భుజం మీద తల పెట్టి మెట్లు దిగిన. ఆనాడు కొరకలే.

నా ప్లాస్టర్ తీసినంక ఆయనకు అదే పనైపోయింది. ఎవని వేళ్ళు సాంచెల పడ్డయి, ఎవడు డైయింగ్ మిల్లుల ఆవిరికి కాలిండు, ఒరిస్సాయనా, యూపీయనా, మనోడా, అడుగకపోయేది. షిఫ్ట్ దిగంగనే బకెట్ పట్టుకొని పోయేటోడు. అందరు దండం పెట్టలే. ఒకాయన చెయ్యి విరగ్గొట్టినోనివి నువ్వు మమ్ములను ముట్టద్దు అని తరిమినోళ్ళు ఉన్నరు. ఈయన గూడ దేవదూత ఏం కాలే. మధ్యల ఒకసారి చాయ దుకాణంల ఎవనిదో కాలర్ పట్టిండు. మరునాడు వాని ఇంటికి పోయి తలుపు కొట్టిండు. కొన్నేండ్లకు అయ్యగారే లోపలికి పిలిచి బల్లల రొట్టె ఇచ్చిండ్రట. తీసుకునేముందు ఆయన బయటికి పోయి, ఆ రెండు చేతులను కడుక్కొని వచ్చిండట.

ప్రతి క్రిస్మస్‌కు నా మెస్సుకు కేకు ముక్క పట్టుకొని వచ్చేటోడు. "ఈ ఏడన్న మాఫ్ చేస్తవా?" అనేటోడు. "చెయ్య," అనేటోన్ని. "సరే. కేకన్న తిను." పదకొండేండ్లు ఇదే. నేను క్రైస్తవున్ని కాదు, ఇప్పటికి గాదు. కాని నా గుండెల ఆయన మీద పగ ఎప్పుడో సచ్చిపోయింది. మరి ఎందుకు చెప్పలే? చెప్తె రావుడు బంద్ చేస్తడేమోనని భయపడ్డ. అంత చిన్న సంగతి. ఆయన కోసం ఎదురుచూస్తున్న అని ఒప్పుకునుడు నాతోని కాలే.

ఆయనను మట్టి చేసేకాడికి పోయిన. ఇరవై మందిమి ఉన్నం. అయ్యగారు వాక్యం చదివి, "ఈ సహోదరుని గురించి ఎవరన్న సాక్ష్యం చెప్తరా?" అన్నరు. అందరు నా దిక్కు చూసిండ్రు. తల అడ్డం ఊపిన. మట్టి పోసినంక అయ్యగారు చేతులు దులుపుకుంట అన్నరు: "ఉన్ అనే బస్తీల ఒక ముసలాయన ఉన్నడు, మీ దిక్కాయనే. ఖాతా మెట్ల మీద పడి నడుము పోయింది. రోజు పొద్దుగాల ఈయనే పోయి కడిగేటోడు. మూడు దినాలాయె, ఎవరు పోయినట్టు లేదు."

పోయిన. పోయి చూసి వద్దామనే పోయిన. తలుపు తియ్యంగనే కంపు ముఖానికి కొట్టింది. పక్కోళ్ళు కిటికీలకెళ్ళి రొట్టెలు ఇచ్చి పోతున్నరట, ముట్టుకునేటోడు లేడు.

"ఆయన ఏడి?" అన్నడు ముసలాయన.

"చచ్చిపోయిండు కాకా."

"అబద్ధం. నా కంపు పడలేక పారిపోయిండు. చచ్చినా అని చెప్పుమన్నడా?"

బకెట్ నింపిన, బట్ట తడిపిన, దగ్గరికి పోయిన. ముఖం మీద ఊంచిండు. తుడుసుకున్న. వంగి లేపబోతె స్టీలు గ్లాసు తీసి కణత మీద కొట్టిండు. కండ్లు బైర్లు కమ్మినయి. "వాడు దొంగ, నువ్వు దొంగవు" అన్నడు. నన్నంటె ఊకుందునేమో. ఆయనను మట్టిల పెట్టి నేను ఇంకా కాళ్ళు గూడ కడుక్కోలే. కొట్టిన. నడుము పడిపోయిన ముసలాయనను, లేవలేనాయనను, చాచి దౌడ మీద కొట్టిన. తల దిండు మీదికెళ్ళి జారింది. బకెట్‌ను తన్ని బయటికి వచ్చిన.

మరునాడు పోలే. రెండోనాడు గూడ పోలే. మెస్సుల అన్నం వడ్డించుకుంట, ఆయనకు నేనేం చుట్టమా అని నాకు నేనే చెప్పుకున్న. మూడోనాడు పొద్దుగాల ఆటో ఎక్కి ఉన్‌ల దిగిన. సందు మొగదల నిలబడ్డ. రెండుసార్లు ఆటో దిక్కు మళ్ళిన. ఆ ఇంటిదాక ముప్పై అడుగులు గూడ ఉండయి. దెబ్బ తిన్న మనిషి ముందటికి మళ్ళ పోవుడంటె ఏందో నాకు అప్పుడు తెలిసింది. నేను పగపట్టి పండుకున్న ఆ పొద్దు, ఆ మనిషి నా మెట్లు ఎట్ల ఎక్కిండు?

తలుపు తీసిన. కాకా కండ్లు తెరిచిండు. దౌడ కమిలి నల్లగైంది.

"మళ్ళ కొట్టెతందుకు వచ్చినవా?"

"లేదు కాకా. తప్పు చేసిన. మాఫ్ చెయ్యి."

నా దిక్కు చాలసేపు చూసిండు. నేను తలకాయ వంచలే, చూడనిచ్చిన.

"చెయ్య," అన్నడు.

ఆ మాట చెవుల పడంగనే నాకు ఏడుపొచ్చింది. ఆరు దినాల సంది రానిది అప్పుడొచ్చింది. పదకొండేండ్లు ఒక మనిషిని నేను ఈ మాటతోని వాకిట్ల నిలబెట్టిన.

"సరే," అన్న. బకెట్ నింపుకొని వచ్చి, కాకాను పక్కకు ఒరిగిచ్చి, కడుగుడు మొదలువెట్టిన.